మూడో క్లచ్ ప్లేటు

మా అక్క వ్యానుకి ఏడాదిలో మూడో క్లచ్ ప్లేటు కాలిపోయింది. తప్పు బండిదా, అక్కదా, నాదా అనేది తేల్చుకోలేక నేను మూడు వారాలు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పాత బండ్ల గేర్‌బాక్సులు దింపి ఎక్కిస్తున్నవాణ్ణి. బండి గేటు దాటి లోపలికి వచ్చేలోపే దాని జబ్బేమిటో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా ఆవిడ అంటుంది. అననివ్వండి.

మామూలుగా ఒక క్లచ్ ప్లేటు, మనిషి సరిగ్గా నడిపితే, ఐదారేళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇదే వ్యానులో, ఇదే అక్క చేతిలో, పాతది ఏడేళ్ళు వచ్చింది. దాని తర్వాతది ఐదు నెలలు. ఆ తర్వాతది నాలుగు. ఇప్పటిది మూడు నెలలైనా నిండకుండానే మసైపోయింది. తెలివున్నవాడెవడైనా ఈ వరస చూసి ఎక్కడో ఏదో ముదురుతోందని గ్రహించాలి. నేను గ్రహించలేదు. నాకు కోపం మాత్రం వచ్చింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

నాన్న మా ఇద్దరికీ ఇదే షెడ్డులో ఒకే బండి మీద పని నేర్పాడు. నా చేతికి స్పానరు ఇచ్చాడు, అక్క చేతికి స్టీరింగు ఇచ్చాడు. పాత బండి వస్తే మూడు రకాలుగా వినాలనేవాడు. నిలబెట్టి విను, నడిపించి విను, ఎత్తు ఎక్కించి విను, ఆ తర్వాతే స్పానరు ముట్టుకో అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. బండి అబద్ధం చెప్పదురా, చెప్పేది డ్రైవరే అని. నేను మొదటి మాటకంటే ఈ రెండో మాటని బాగా ఒంటబట్టించుకున్నాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పందొమ్మిదేళ్ళుగా స్కూలు వ్యాను నడుపుతోంది. బావ పోయి ఎనిమిదేళ్ళయింది, సొంత పిల్లల్లేరు, వ్యానులో మాత్రం పదకొండు మంది. వాళ్ళలో ఎవరికి పన్ను ఊడింది, ఎవరు హోంవర్కు ఎగ్గొట్టారు, ఎవరింట్లో పొద్దున్నే గొడవైంది, అన్నీ అక్కకి తెలుసు. ఆ వ్యానుని పక్కన పెట్టమంటే అక్కని పక్కన పెట్టినట్టే.

ఇప్పుడు సరిగ్గా అదే జరిగేలా ఉంది. వంతెన ఎక్కుతుండగా, లోపల పిల్లలుండగా, బండి మధ్యలో ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు కదలట్లేదట. కాలిన వాసనకి పిల్లలు ముక్కులు మూసుకున్నారట. ప్రిన్సిపాల్ మేడం అక్కకి ఫోన్ చేసి, మర్యాదగానే, ఇంకొక్కసారి పిల్లలతో దారిలో ఆగితే ఆ రూటు వేరే వ్యానుకి ఇచ్చేస్తామని చెప్పింది.

వ్యానుని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాక, హ్యాండ్ బ్రేకు లాగి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలాను. ప్లేటు బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగలేదు. నన్ను వెక్కిరిస్తున్నట్టు తిరుగుతూనే ఉంది. ప్లేటు ఎక్కడా పట్టు దొరక్క జారిపోతోందన్నమాట.

"క్లచ్ మీద కాలేసి నడుపుతున్నావక్కా," అన్నాను.

"వెయ్యట్లేదురా."

"మరి ప్లేటు దానంతటదే కాలిందా?"

"నన్నడుగుతావేంటి? మెకానిక్కువి నువ్వా నేనా?"

క్లచ్ మీద కాలెయ్యడమంటే పెద్ద నేరమేమీ కాదు, చాలామందికి అలవాటే. గేరు మార్చాక కాలు పూర్తిగా తీసి నేల మీద పెట్టాలి. బద్ధకించి పెడలు మీదే ఆనించి ఉంచితే, ఆ కాస్త బరువుకే లోపల ప్లేటు పట్టు సడలుతుంది. పట్టీ పట్టకుండా రాపిడి మొదలై, వేడెక్కి, మసైపోతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు చేస్తారు, భయస్తులు చేస్తారు. పందొమ్మిదేళ్ళు నడిపిన మనిషి చెయ్యడమేంటి?

గేర్‌బాక్సు దింపాను. దింపితే తప్పు కళ్ళముందు ఉంటుందనుకున్నాను. లేదు. ఇంజను వైపు సీలు పొడిగా ఉంది, గేర్‌బాక్సు వైపు సీలు పొడిగా ఉంది, నూనె చుక్క ఎక్కడా ప్లేటు మీద పడలేదు. ప్లేటుని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు పోయినసారే మార్చాను, అదీ బాగుంది. కేబులు కొత్తది, పెడలు దగ్గర రెండు వేళ్ళంత ఖాళీ కూడా నేనే చూసి పెట్టాను. అన్నీ బాగున్నాయి, ప్లేటు మాత్రం చితిలోంచి తీసినట్టుంది. అన్నీ ఉండి అల్లుడి నోట్లో శని అన్నట్టుంది నా పరిస్థితి.

అక్కడ నోరు మూసుకుని ఉంటే పోయేది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. బండిలో ఏమీ లేదు, అంతా నీ కాల్లోనే ఉంది," అన్నాను.

అక్క నన్ను ఓసారి చూసి, సంచీ భుజానికి తగిలించుకుని, వెళ్ళిపోయింది. సాయంత్రం టిఫిన్ క్యారేజీ తీసుకొచ్చిన మా ఆవిడ, నూనె డ్రమ్ము పక్కన పడి ఉన్న చెప్పు చూసింది.

"ఇది వదినది కదా. రెండోది ఏది?"

"కాలికి ఉండుంటుంది."

"ఒక్క చెప్పుతో ఇంటికెళ్ళిందా? అంత దూరం తెలియకుండా ఎలా నడిచింది?"

"నా మీద కోపమొస్తే అక్కకి చెప్పులు కాదు, ఒళ్ళే తెలీదు," అన్నాను. అని నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కొత్త ప్లేటు వేసి రెండు రోజులు వ్యానుని నేనే నడిపాను. నిలబెట్టి విన్నాను, నడిపించి విన్నాను, వంతెన మీదికి ఆరుసార్లు ఎక్కించి విన్నాను. వెన్నపూసలా పోయింది. ఒక్క చప్పుడు మాత్రం ఉంది, అది పాతదే. గేరు వెయ్యకుండా, క్లచ్ వదిలేసి, ఇంజను ఆడుతుండగా ఉంచితే గేర్‌బాక్సు లోపల ఒక ముసలి బేరింగు గుర్రుమంటుంది. పెడలు నొక్కితే ఆ బేరింగులో ఉన్న ఇరుసు తిరగడం ఆగుతుంది కాబట్టి గుర్రు కూడా ఆగుతుంది. రెండేళ్ళుగా ఉంది. ఆ సైజు బేరింగు ఇప్పుడెక్కడా దొరకడం లేదు, చప్పుడే గానీ ప్రమాదం లేదని వదిలేశాను.

మూడో రోజు అక్క పక్కన కూర్చుని, నడపమన్నాను.

చక్కగా నడిపింది. అదీ నా తలనొప్పి. ప్రతిసారీ గేరు మార్చాక ఒకసారి కిందికి చూసి, కాలు తీసి, నేల మీద పెట్టి, మళ్ళీ ఒకసారి చూసి, అప్పుడు రోడ్డు చూసింది. కొత్త పెళ్ళికూతురు గడప దాటినట్టు అంత జాగ్రత్త. నాకు చూపించడానికి వేషాలేస్తోందనుకున్నాను.

సిగ్నల్ దగ్గర ఆగాం. గేరు తీసేసి, కిందికి చూసి, కాలు నేల మీద పెట్టింది. బేరింగు గుర్రుమంది.

"ఏంట్రా ఈ చప్పుడు? కొత్తగా ఏం చేశావు నా బండికి?"

"కొత్తేంటి? రెండేళ్ళుగా ఉందిగా."

"నా బండిలో ఎప్పుడూ లేదు."

"నీకు చెవులు తగ్గాయక్కా."

"వెనక సీట్లో గుసగుసలాడే పిల్లల మాటలన్నీ నాకు వినబడతాయి. ఇది వినబడదా?"

ఆ మాట నిజం. అక్క చెవులు పాము చెవులు. ఈ గుర్రు చెవిటివాడికైనా వినిపిస్తుంది. రెండేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు సిగ్నల్ దగ్గర ఆగే మనిషికి ఎలా వినబడలేదు? ఈ ప్రశ్న పట్టుకుని ఆ రోజు గట్టిగా లాగి ఉంటే అప్పుడే అంతా తేలిపోయేది. లాగలేదు. నాకు వచ్చిన పని అది, నేను చెయ్యని పనీ అదే.

పన్నెండు రోజులు పోయాయి. శుక్రవారం పొద్దున పిల్లల్ని దింపి, అక్క సరాసరి షెడ్డుకి వచ్చింది. బండి దిగకముందే వాసన నాకు తగిలింది. కాలిన ప్లేటు వాసన ఒకసారి ముక్కుకి పడితే జన్మలో మర్చిపోం.

"ఇంకా కాలిపోలేదు," అంది అక్క, నా మొహం చూసి. "వంతెన మీద కొంచెం వాసనొచ్చింది, అంతే. దారిలో ఆగలేదు."

"మళ్ళీ కాలేశావు."

"లేదు."

"అక్కా, వయసొస్తోంది, ఒప్పుకో. అలవాట్లు మారతాయి. అందులో సిగ్గేముంది?"

"నాన్న మీద ఒట్టురా. నా కాలు కిందే ఉంది."

అక్క ఒట్లు వేసే మనిషి కాదు. చిన్నప్పుడు నేను బెల్లం డబ్బా ఖాళీ చేసి నేరం అక్క మీదికి నెట్టినప్పుడు కూడా, దెబ్బలు తింది గానీ ఒట్టు వెయ్యలేదు. ఇప్పుడు నాన్న మీద వేసింది, అదీ ఆయన షెడ్డులో నిలబడి. బండి అబద్ధం చెప్పదు. అక్క అబద్ధం చెప్పదు. మరి ఈ వాసన ఎక్కణ్ణించి వస్తోంది? నాకు తల తిరిగింది. అక్క వెళ్ళాక చాలాసేపు ఆ పెడలు వైపే చూస్తూ కూర్చున్నాను. పెడలు ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అంది, "బండిని నమ్మకు, వదిననీ నమ్మకు. నిన్ను నువ్వైతే అసలే నమ్మకు. ముగ్గురికీ సంబంధం లేని సాక్షి ఎవరైనా ఉంటే వాళ్ళనడుగు."

"ఎవరుంటారు బండిలో? పిల్లల్ని అడగమంటావా, మీ డ్రైవరమ్మ కాలెక్కడుందని?"

"నాకేం తెలుసు? మెకానిక్కువి నువ్వా నేనా?"

మా ఇంటి ఆడవాళ్ళందరూ ఈ ఒక్క మాటా ఎక్కడో కూడబలుక్కున్నట్టున్నారు. కానీ సాక్షి అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. సామాను డబ్బాలో వెతికి పాత బ్రేకు లైటు స్విచ్చి ఒకటి తీశాను. క్లచ్ పెడలు వెనక బిగించి, ఓ చిన్న ఎర్ర బల్బుకి తీగ కలిపి, ఆ బల్బుని స్టీరింగు ముందు అద్దం దగ్గర అతికించాను. పెడలు వేలెడు కదిలినా బల్బు వెలుగుతుంది. వదిలేస్తే ఆరిపోతుంది. దానికి అక్కా తెలీదు, నేనూ తెలీదు.

మర్నాడు శనివారం, స్కూలు లేదు. పదకొండు గంటలకి అక్కని పిలిపించాను.

"దీపం పెట్టి పరీక్షా?" అంది బల్బు చూసి. "నేను దొంగనని తేలితే ఏం చేస్తావు?"

"తేలనీ, చూద్దాం. ఒక్కటే మాట. కిందికి చూడకు. పిల్లలున్నప్పుడు ఎలా నడుపుతావో అలా నడుపు. కళ్ళు రోడ్డు మీదే ఉండాలి."

అక్క ఏదో అడగబోయి మానేసి, బండి తీసింది. మొదటి గేరు, బల్బు వెలిగి ఆరింది. రెండో గేరు, వెలిగి ఆరింది. మూడో గేరు వేసింది. బల్బు వెలిగింది. వెలిగే ఉంది. బట్టల కొట్టు దాటాం, పెట్రోలు బంకు దాటాం, బల్బు ఎర్రగా అలాగే ఉంది.

"కాలు తియ్యక్కా," అన్నాను, వీలైనంత మెల్లగా.

"తీసే ఉంది. నీ స్విచ్చి ఇరుక్కుంది."

అక్క గొంతులో రవ్వంత తడబాటు లేదు. నిజం చెప్పాలంటే, ఆ గొంతు విని స్విచ్చినే అనుమానించాను. పాతది కదా, ఇరుక్కుందేమో. చెట్టు నీడ చూసి పక్కకి ఆపమన్నాను. గేరు తీసేసి, ఇంజను ఆడుతుండగానే ఆపింది.

చప్పుడు లేదు.

బేరింగు గుర్రుమనాలి. గేరు లేదు, ఇంజను ఆడుతోంది, క్లచ్ వదిలేసి ఉంటే గుర్రుమని తీరాలి. లేదు. బండి పిల్లిలా ఉంది. రెండేళ్ళుగా అక్క ఆ చప్పుడు ఎందుకు వినలేదో అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై, అక్క మీద ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద ఒట్టేసి మరీ నా మొహం మీద అబద్ధమా అని, తిట్టడానికి ఊపిరి బిగబట్టి, కిందికి వంగాను.

చెప్పు ఒకటి ఓ పక్కన పడి ఉంది. ఒట్టి పాదం పెడలు మీద ఉంది. ఆనించినట్టు కాదు, మరిచిపోయిన సామానులా ఉంది.

"చూశావా? కిందే ఉందా?" అంది అక్క పైనుంచి.

నేను అక్క బొటనవేలు పట్టుకున్నాను.

"మాట్లాడవేంరా? కిందే ఉందా లేదా? స్విచ్చి ఇరుక్కుందా?"

వేలు గట్టిగా నొక్కాను. గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కాను. అక్క కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, నేను చెప్పినట్టే. నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. తిట్టడానికి బిగబట్టిన ఊపిరి ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. మెల్లగా మడమ కింద చెయ్యి పెట్టి ఆ కాలుని ఎత్తి నేల మీద పెట్టాను. బల్బు ఆరిపోయింది. గేర్‌బాక్సు గుర్రుమంది.

అక్క కిందికి చూసింది. నా చేతిని చూసింది, తన పాదాన్ని చూసింది, పక్కన పడున్న చెప్పుని చూసింది.

"ఎప్పుడు ఊడింది అది?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బండి నేను నడిపాను. షెడ్డులో అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, రెండు పాదాలూ నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంజను లోపల సందులు కొలిచే రేకుల కట్ట ఒకటి ఉంటుంది మా దగ్గర. వెంట్రుకంత పల్చని రేకు నుంచి గోరంత మందం రేకు దాకా వరసగా ఉంటాయి. పల్చటి దానితో ఎడమ పాదం మీద మొదలుపెట్టాను.

"తగిలినప్పుడు చెప్పు."

"సరే. మొదలుపెట్టు మరి."

అప్పటికే మూడు రేకులు మార్చాను. నాలుగోది పెట్టాను, ఐదోది పెట్టాను. కట్టలో అన్నిటికంటే మందం రేకు అంచుతో అరికాలు మీద గీత గీశాను.

"ఎంతసేపురా? చేతులు వణుకుతున్నాయా నీకు?"

"ఇదిగో, పెడుతున్నా," అన్నాను.

అప్పుడు చూశాను. అరికాలి మధ్యలో ఓ నల్ల చుక్క, చుట్టూ ఎర్రగా వాచి ఉంది. దగ్గరికి పెట్టుకుని చూస్తే ఇనుప ముక్క. మా షెడ్డు నేల మీద, రంపం పెట్టిన చోటల్లా రాలి ఉండేదే. మొన్న నేను మద్దెల ఓడని ఎగతాళి చేసిన రోజు, ఒక్క చెప్పుతో నడిచి వెళ్ళిందే, ఆ రోజు గుచ్చుకున్నది. పదహారు రోజులు. ఆ కాలితోనే వంటచేసుకుంది, నడిచింది, బండి తోలింది.

పట్టకారు తెచ్చి తీశాను. చీము వచ్చింది. అక్క కదలలేదు.

"కళ్ళు తెరువు," అన్నాను.

తెరిచి, నా చేతిలోని పట్టకారు చూసింది, దాని చివర ఇనుప ముక్క చూసింది.

"రెండేళ్ళుగా దూది మీద నడుస్తున్నట్టుంటుందిరా," అంది. "షుగరు బిళ్ళలు వేసుకుంటున్నాగా, వయసుకి ఇదంతా మామూలే అనుకున్నా. నువ్వు పక్కన కూర్చున్న రోజు కిందికి చూసి చూసి పెట్టుకున్నా. చూడకపోతే ఎక్కడ పెట్టానో తెలీట్లేదు."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వడిగావా? ఏడాదిగా కాలు తియ్యి, కాలు తియ్యి అన్నావు. కాలు ఎలా ఉందని ఒక్కసారైనా అడిగావా?"

గేర్‌బాక్సుని మూడుసార్లు దింపి ఎక్కించాను, సీళ్ళు తుడిచి చూశాను, కేబులు కొలిచాను. బండి లోపల నేను చూడని చోటు లేదు. నిలబెట్టి విన్నాను, నడిపించి విన్నాను, ఎక్కించి విన్నాను, అంతా బండినే. నాకు ఆరేళ్ళప్పటి నుంచి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన మనిషి మా షెడ్డులోంచి ఒక్క చెప్పుతో నడిచి వెళ్ళిపోతే, నవ్వాను.

అక్క కుడి పాదం ముందుకు జరిపింది. "దీన్నీ చూడు."

"ఎందుకు?"

"బ్రేకు నొక్కేది దీంతో కదరా."

నాకు చెయ్యి రాలేదు. అక్కే నా చేతిలోని రేకుల కట్ట వైపు గడ్డం ఊపి, కళ్ళు మూసుకుంది. మడమ దగ్గర తగిలిందంది. మధ్యలో తగిలిందంది, కాస్త ఆలస్యంగా. వేళ్ళ దగ్గర రేకు మీద రేకు మార్చాను. అక్క ఎదురుచూస్తూనే ఉంది. వేళ్ళు పూర్తయ్యాయని నేను చెప్పలేదు, రేకుల కట్ట మూసిన చప్పుడుకి తనే కళ్ళు తెరిచింది.

"పదకొండు మందిరా," అంది.

అంతే అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను, మసిగుడ్డతో మొహం తుడుచుకుని ఇంకా నల్లగా చేసుకున్నాను. అక్క సంచీలోంచి వ్యాను తాళం తీసి, దానికున్న బావ కట్టిన తోలు ముక్కని కాసేపు వేళ్ళతో రాసింది. చేతి వేళ్ళకి ఏ లోటూ లేదు. తాళం నా ఒళ్ళో పెట్టింది.

"సోమవారం నుంచి నువ్వు నడుపు."

"మందులుంటాయి అక్కా, డాక్టరు దగ్గరికి..."

"వెళ్దాం. ఇప్పుడే వెళ్దాం. తాళం మాత్రం నీ దగ్గరుంచు. నా దగ్గరుంటే ఎల్లుండి పొద్దున ఆరింటికి మళ్ళీ బాగానే ఉన్నాననిపిస్తుంది."

డాక్టరు పుండు శుభ్రం చేసి కట్టుకట్టి, నరాలు దెబ్బతిన్నాయని, పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాటివ్వలేనని, ఉన్నది మాత్రం కాపాడుకోవచ్చని చెప్పాడు. బండి నడపొద్దన్నాడు. అక్క తల ఊపింది. ఇంకో నెల ఆగి ఉంటే ఆ పుండుతో పాదమే పోయేదని మా ఆవిడకి విడిగా చెప్పాడట. నాకు చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయిందేమో, నా మొహం అలా ఉంది. నాలుగో క్లచ్ ప్లేటు కూడా కాలకముందే ఆపగలిగామని నేను అనుకుంటుంటే, ఆ ప్లేట్లు కాలబట్టే అక్క కాలు దక్కిందని మా ఆవిడ అంది. ఆవిడ చెప్పింది ఈసారి ఒప్పుకున్నాను.

ఆదివారం అక్కే ప్రిన్సిపాల్ మేడానికి ఫోన్ చేసింది. ఏమీ దాచలేదు. రూటు మా దగ్గరే ఉండనిచ్చారు, బండి నేను నడపాలని, అక్క పక్కన కూర్చుని పిల్లల్ని ఎక్కించి దింపాలని మాటైంది.

సోమవారం ఆరున్నరకి అక్క వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కాళ్ళకి వెనక పట్టీ ఉన్న కొత్త చెప్పులు. కూర్చోగానే వంగి, రెండూ ఉన్నాయో లేవో కళ్ళతో చూసుకుంది. ఎర్ర బల్బు ఇంకా అక్కడే ఉంది, తీసేద్దామంటే ఉండనీ అంది. ఎక్కిన ప్రతి పిల్లా పిల్లాడూ ఒకటే ప్రశ్న, నువ్వెందుకు నడపట్లేదని. "మా తమ్ముడు నేర్చుకుంటున్నాడు, నవ్వకండి," అని అందరికీ ఒకటే జవాబు చెప్పింది. వాళ్ళు నవ్వారు.

వంతెన వచ్చింది. వెనక పదకొండు మంది, పక్కన అక్క. ఖాళీ బండితో ఆరుసార్లు ఎక్కించినవాణ్ణి, ఆ పొద్దున చెమటలు పట్టాయి. ఇదే ఎత్తు మీద అక్క ఎన్ని వందలసార్లు, కాలెక్కడుందో తెలియకుండా, తెలియదని కూడా తెలియకుండా వీళ్ళని దాటించిందోనని గుర్తొచ్చింది. కళ్ళు మసకబారాయి. రోడ్డు కనబడితే చాలని ముందుకే చూస్తూ గేరు మార్చాను. అక్క ఎడమ కాలు తన సీటు ముందు, పెడలు లేని చోట, నాతోపాటే ఒకసారి లేచి దిగింది. ఇంజను అరుపు కొంచెం పెరిగింది. వెనక నుంచి ఓ పిల్ల, ఎర్ర లైటు వెలుగుతోందని అరిచింది.

అక్క బల్బు వైపు చూసింది, నా వైపు చూసింది.

"క్లచ్ మీంచి కాలు తియ్యరా," అంది మెల్లగా.

తీశాను.